ఏడాదికి నాలుగైదుసార్లు వాడే బ్యాటరీ డ్రిల్లు ఎలా ఎంచుకోవాలి

ముందే చెప్పేస్తున్నా, ఇది కార్పెంటర్లకి, ఫాల్ సీలింగ్ పనివాళ్లకి రాసింది కాదు. కర్టెన్ రాడ్డు, గోడ గడియారం, దోమల మెష్, వదులైపోయిన తలుపు గడియ, ఊళ్లో అమ్మానాన్నల ఇంటి మీద గాలికి కొట్టుకుంటున్న రేకు, ఇలాంటి పనులు పడ్డప్పుడు మాత్రమే డ్రిల్లు బయటికి తీసేవాళ్ల కోసం. ఇంత తక్కువ వాడకానికి మెషిన్ అరిగిపోవడం దాదాపు జరగదు. పాడైతే ఖాళీగా పడి ఉండే పాడవుతుంది, అదీ బ్యాటరీ వైపు నుంచి. కాబట్టి షాపువాళ్లు మోటారు గురించి చెప్పే గొప్పలన్నీ వినండి, డబ్బులు మాత్రం బ్యాటరీని చూసి పెట్టండి.

మొదట గోడ సంగతి తేల్చుకోండి

డ్రిల్లు కొనే ముందు ఇల్లంతా ఒకసారి తిరిగి, ఎక్కడెక్కడ కన్నాలు పడాలో, అక్కడ ఏముందో ఒక కాగితం మీద రాసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలా ఇళ్లు ఎర్ర ఇటుకవే, దాని మీద లోపలి వైపు సుమారు అరంగుళం ప్లాస్టరింగ్ ఉంటుంది. కొత్త అపార్ట్‌మెంట్లయితే బూడిద రంగు ఫ్లై యాష్ ఇటుక కూడా కనిపిస్తుంది. ఈ రెండింటికీ హ్యామర్ ఉన్న, అంటే తిరుగుతూనే బిట్టుని కొట్టే, చిన్న బ్యాటరీ డ్రిల్లు సరిపోతుంది. పిల్లర్లు, బీములు, శ్లాబు, లింటెల్ మాత్రం కాంక్రీటు, అక్కడ లెక్క వేరు.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. మనం డ్రిల్లు కొనాలనుకునేదే ఎక్కువగా కర్టెన్ల కోసం. కర్టెన్ రాడ్డు పట్టీ పడేది కిటికీ పైన, అక్కడ ఉండేదేమో లింటెల్, అంటే లోపల చువ్వలు పెట్టి పోసిన కాంక్రీటు. ఇంట్లో అన్నిటికంటే తేలిక అనుకున్న పని పోయి పోయి అన్నిటికంటే గట్టి చోట పడుతుందన్నమాట. చవక డ్రిల్లు పెట్టి చెమటలు కారేదాకా నొక్కినా అక్కడ అంగుళం దిగదు, బిట్టు కాలి మొద్దుబారిపోతుంది, "ఇది పనికిరాదు" అని మెషిన్‌ని అటక మీద పడేస్తారు. ఇళ్లలో లింటెల్ మందం సాధారణంగా 4 నుంచి 6 అంగుళాలు ఉంటుంది కాబట్టి, రాడ్డుని కిటికీ అంచు నుంచి ఏడెనిమిది అంగుళాలు పైకి జరిపితే మళ్లీ ఇటుక దొరికే అవకాశం ఎక్కువ. కర్టెన్ కాస్త పొడుగు కుట్టించుకోవాలి, అంతే.

అనుమానంగా ఉంటే సన్న బిట్టుతో చిన్న కన్నం మొదలుపెట్టి రాలే పొడిని చూడండి. ముందు ప్లాస్టరింగ్ పొడి బూడిద రంగులో వస్తుంది, అరంగుళం దాటాక ఎర్ర పొడి రాలితే ఇటుక. బూడిద రంగే వస్తూ బిట్టు ముందుకి కదలకుండా అక్కడే తిరుగుతుంటే కాంక్రీటు. ఫ్లై యాష్ ఇటుక పొడి కూడా బూడిద రంగే గానీ బిట్టు హాయిగా దిగిపోతుంది, తేడా చేతికే తెలుస్తుంది.

ఊళ్లలో అడుసుతో కట్టిన పాత పెంకుటిళ్ల ఇబ్బంది ఇంకో రకం. కన్నం క్షణంలో పడుతుంది, స్క్రూ పట్టుకోవడానికి కన్నంలో దోపే ప్లగ్గే నిలవదు. అక్కడ గోడని నమ్ముకోకుండా గుమ్మం చెక్కకో దూలానికో బిగించుకోండి. తాటి దూలమైతే పైన ఉండే చేవ బాగా గట్టిది, సన్న బిట్టుతో ముందు దారి చేయకుండా స్క్రూ తోస్తే తల తెగి ఊడి వస్తుంది. ఇక వంటింటి గట్టు. టెక్కలి వైపు క్వారీల గ్రానైటే అయినా ఇంకెక్కడిదైనా, దానికి కన్నం పెట్టాలంటే డైమండ్ బిట్టు, నీళ్లు, ఓపిక కావాలి. ఆ పని గ్రానైట్ వేసినవాళ్లకే వదిలేయండి.

అసలు బ్యాటరీదే కావాలా?

ఈ ప్రశ్న షాపులో ఎవరూ అడగరు, మీరే అడుక్కోవాలి. వైరు ఉన్న 500, 600 వాట్ల హ్యామర్ డ్రిల్లు ఉజ్జాయింపుగా రెండు నుంచి మూడు వేలలో మంచి కంపెనీదే వస్తుంది. దాంట్లో చచ్చిపోవడానికి బ్యాటరీ లేదు, మూడేళ్లు మూల పడేసి తీసినా ప్లగ్గు పెడితే తిరుగుతుంది. మీ కాగితం మీద ఉన్నవి ఎక్కువగా గోడ కన్నాలే అయి, దగ్గర్లో సాకెట్టు ఉంటే, అది కొనేసి మిగతాది చదవడం మానేయొచ్చు. నిజంగానే అంటున్నా.

బ్యాటరీది ఎప్పుడు కావాలంటే, స్క్రూలు బిగించే పని, విప్పే పని ఎక్కువ ఉన్నప్పుడు. వైరు డ్రిల్లు బరువెక్కువ, స్పీడెక్కువ, స్క్రూ బిగియగానే తిప్పడం ఆపే క్లచ్ ఉండదు, స్క్రూ తల అరిగిపోయేదాకా ఆగదు. మేడ మీద, పెరట్లో, కరెంటు పాయింటు లేని పొలం షెడ్డులో పని అయినా బ్యాటరీదే సుఖం. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, ఈ రెండూ చూసినవాళ్లకి కరెంటు రోజుల తరబడి లేకపోవడం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ఎగిరిపోయిన రేకులు మళ్లీ బిగించాల్సింది సరిగ్గా ఆ రోజుల్లోనే. తుపాను కబురు వినగానే ఫోన్లతో పాటు డ్రిల్లు బ్యాటరీ కూడా చార్జింగ్‌కి పెట్టండి.

లింటెల్, శ్లాబు కన్నాలు చాలా ఉంటే నా సలహా వేరు. కొత్త ఇంట్లోకి దిగినప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలిచో, రోజు అద్దెకి గట్టి కాంక్రీటుకే చేసిన ఎస్‌డీఎస్ హ్యామర్ తెచ్చో కాంక్రీటు కన్నాలన్నీ ఒక్క పూటలో కొట్టించేయండి. ఆ తర్వాత ఏళ్ల తరబడి మీకు మిగిలేది స్క్రూల పనే, దానికి చిన్న బ్యాటరీ డ్రిల్లు చాలు. కాంక్రీటు కోసమని పెద్ద డ్రిల్లు కొని, దాని బరువుతో మిగతా అన్ని పనులూ చేసుకోవడం దండగ.

పెట్టె మీద పేర్లు

డ్రిల్ డ్రైవర్ అంటే తిరగడం మాత్రమే, చెక్క, ఇనుము, స్క్రూలు. గోడ జోలికి వెళ్లదు. హ్యామర్ డ్రిల్, దీన్నే కొన్ని కంపెనీలు ఇంపాక్ట్ డ్రిల్ అంటాయి, తిరుగుతూనే లోపల పళ్ల చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ బిట్టుని చిన్నచిన్నగా కొడతాయి. ఇటుకకి ఇదే కావాలి. చక్ దగ్గర, అంటే బిట్టు బిగించే మూతి దగ్గర, సుత్తి బొమ్మ ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. రోటరీ హ్యామర్ అంటే లోపల పిస్టన్ గాలి ఒత్తిడితో కొట్టేది, కాంక్రీటుకి అసలైన మెషిన్ అది, దానికి ఎస్‌డీఎస్ బిట్లు వేరే ఉంటాయి. ఇంపాక్ట్ డ్రైవర్ అనేది పేరు విని మోసపోయే రకం. అది స్క్రూలు, బోల్టులు బలంగా తిప్పడానికి చేసింది, ఆరు పలకల పావంగుళం బిట్లే పడతాయి, గోడ కన్నానికి పనికిరాదు. ఇంపాక్ట్ అనే మాట చూసి గోడకి పనికొస్తుందని కొనేవాళ్లున్నారు.

మన అవసరానికి మధ్యలోది, హ్యామర్ ఉన్న డ్రిల్లు. కాగితం మీద గోడ కన్నం ఒక్కటి కూడా లేకపోతే మాత్రం హ్యామర్ లేనిది తీసుకోండి, పొట్టిగా, తేలిగ్గా ఉంటుంది, ధరా తగ్గుతుంది.

వోల్టుల లెక్క

ఇది కాస్త నిదానంగా చదవండి, ఎక్కువ మోసం ఇక్కడే జరుగుతుంది. లిథియం సెల్ ఒక్కటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా చార్జ్ అయితే 4.2. మూడు సెల్స్ వరసగా కలిపితే 10.8, నిండుగా ఉన్నప్పుడు పన్నెండున్నర దాకా. దాన్నే 12 వోల్టులు అని అమ్ముతారు. ఐదు సెల్స్ కలిపితే 18, నిండుగా ఉంటే 21. అంటే ఒక కంపెనీ 18 అని, ఇంకోటి 20 మ్యాక్స్ అని, మరోటి 21 అని రాసేది ఒకే ఐదు సెల్స్ బ్యాటరీ. 21 రాసినది 18 కంటే బలమైనదని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

మరి 48 వోల్టులు, 88 వోల్టులు అని పెద్ద అక్షరాలతో రాసి పదిహేను వందలకి అమ్మేవో? 48 రావాలంటే పదమూడు సెల్స్ కావాలి. ఒక్కో సెల్ బరువు దాదాపు 45 గ్రాములు, సెల్స్ బరువే అరకిలో దాటుతుంది. చేతిలో ఇమిడిపోయే ఆ తేలిక ప్యాక్‌లో అవన్నీ ఎక్కడ పడతాయో మీరే ఆలోచించండి.

అప్పుడప్పుడు వాడే ఇంటికి నేనైతే 12 వోల్టులదే చెబుతాను. బ్యాటరీతో కలిపి కిలో చుట్టుపక్కల ఉంటుంది, ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా నిచ్చెన మీద ఒంటి చేత్తో పట్టుకోగలరు. 18 వోల్టులది ఎవరికంటే, రేకుల షెడ్డు పని తరచూ ఉన్నవాళ్లకి, లేదా అదే కంపెనీ గ్రైండరో బ్లోయరో కొని ఒకే బ్యాటరీతో నడుపుదామనుకునేవాళ్లకి. ఒక జాగ్రత్త ఏంటంటే, ఒకే కంపెనీలో కూడా అన్ని బ్యాటరీలూ అన్నిటికీ పట్టవు. ఉదాహరణకి బాష్‌లో నీలం రంగు ప్రొఫెషనల్ 18 వోల్టుల బ్యాటరీ, ఆకుపచ్చ ఇంటి సిరీస్‌ మెషిన్లకి పట్టదు.

బ్యాటరీని ఎలా చూడాలి

వోల్టుల పక్కన ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్లు, అని ఉంటుంది, 1.5, 2.0 ఇలా. వోల్టులని ఏహెచ్‌తో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి, అదే అసలు నిల్వ. 10.8 వోల్టులు, 2 ఏహెచ్ అయితే 21.6 వాట్ అవర్లు. ఇంటి పనికి 1.5 ఏహెచ్ ఒకటి చాలు. రెండో బ్యాటరీ ఉచితం అంటే సంతోషమే గానీ దానికోసం అదనంగా డబ్బులు పెట్టకండి, రెండూ కలిసి అటక మీద ముసలివవుతాయి. ఆ డబ్బు బిట్లకి పెట్టండి.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న: ఈ బ్యాటరీ మూడేళ్ల తర్వాత విడిగా దొరుకుతుందా? షాపులో ఇదే అడగండి, ఇప్పుడు దాని ధర ఎంతో కూడా అడగండి. జవాబు రాకపోతే, లేదా "అప్పుడు చూద్దాం లెండి" అంటే, ఆ మెషిన్ బ్యాటరీ పోయిన రోజున మొత్తం పోయినట్టే. బాష్, మకీటా, డివాల్ట్, స్టాన్లీ లాంటి పేరున్నవాటికి ఈ ధీమా ఎక్కువ. ఇంగ్కో, టోటల్ లాంటివి వాటికంటే చవక, మీ ఊరి షాపులో వాటి బ్యాటరీలు విడిగా వేలాడుతూ కనిపిస్తే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. ఉజ్జాయింపుగా నాలుగు నుంచి ఏడు వేల మధ్య పెద్ద కంపెనీ 12 వోల్టులది బ్యాటరీ, చార్జరుతో సహా వస్తుంది. బ్యాటరీ లేకుండా మెషిన్ ఒక్కటే తక్కువ ధరకి పెట్టే ఆఫర్లు ఉంటాయి, "బేర్ టూల్", "సోలో" అని రాసి ఉంటే అర్థం అదే. చూసుకోకుండా ఆన్‌లైన్లో నొక్కేస్తే తర్వాత తల పట్టుకోవాలి.

సెల్ రకం లిథియం అయాన్ అని ఉండాలి, నికెల్ కాడ్మియం పాత స్టాకు ఎంత తక్కువకిచ్చినా వద్దు. అవి ఖాళీగా పెడితే వాటంతట అవే చార్జ్ వదిలేస్తాయి, మన వాడకానికి అస్సలు కుదరదు. బీఐఎస్ గుర్తు కూడా చూడండి, సెల్స్‌కి వర్తించే ప్రమాణం ఐఎస్ 16046.

మిగతా అంకెలు తొందరగా

టార్క్ అంటే తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో రాస్తారు. ఇంటికి 20 నుంచి 30 చాలు. చక్ 10 ఎంఎం ఉంటే సరిపోతుంది, తాళం అక్కర్లేకుండా చేత్తో తిప్పి బిగించేది అయి ఉండాలి. రెండు గేర్లు ఉండాలి: స్క్రూలకి నెమ్మదిది, కన్నాలకి వేగందీ. క్లచ్ రింగు తప్పనిసరి, దాని మీద 1 నుంచి 15 దాకానో 20 దాకానో అంకెలుంటాయి. బ్రష్‌లెస్ మోటారు మంచిదే, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, కానీ మీ వాడకానికి మామూలు కార్బన్ బ్రష్ మోటారు బ్రష్షులు అరగడానికే ఏళ్లు పడుతుంది. దానికోసం రెండు వేలు ఎక్కువ పెట్టే పని లేదు.

షాపులో ఏం చేయాలి

శ్రీకాకుళం జీటీ రోడ్డులోనో, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కలో హార్డ్‌వేర్ షాపుకి వెళ్లారనుకోండి. మంచి షాపాయన మొదట అడిగే మాటే "ఏటి బావూ, చెక్కకా, గోడకా?" అని. ఆ కాగితం తీసి చూపించండి. అలా అడగకుండానే ఖరీదైనది చేతిలో పెడితే కాస్త ఆగండి.

పొడుగు బిట్టు ఒకటి చక్‌లో పెట్టించి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కుతూ బిట్టు కొన చూడండి. కొన గుండ్రంగా ఊగుతుంటే చక్ సరిగ్గా లేదు, ఇంకో పీసు అడగండి. ట్రిగ్గర్ నొక్కే కొద్దీ వేగం పెరగాలి, ఒక్కసారిగా గుయ్యిమంటే స్క్రూ పనికి ఇబ్బంది. వెనక్కి తిప్పే బటన్ పనిచేస్తుందా, ట్రిగ్గర్ వదలగానే టక్కున ఆగుతుందా చూడండి. క్లచ్‌ని 1 మీద పెట్టి, మెషిన్ తిరగకుండా ఆగి ఉన్నప్పుడే చక్‌ని చేత్తో పట్టుకుని, ట్రిగ్గర్ అతి మెల్లగా నొక్కితే టకటకమని జారాలి. చేతికి బిట్టు తగలకుండా, చక్ ఖాళీగా ఉన్నప్పుడే ఇది చేయండి, అనుమానంగా ఉంటే షాపాయన చేతే స్క్రూ బిగించి చూపించమనండి, అదే మేలు.

బిల్లు తీసుకోండి. వారంటీ కార్డు మీద మెషిన్‌కి ఎన్ని నెలలో, బ్యాటరీకి ఎన్ని నెలలో విడివిడిగా చదవండి, రెండూ ఒకటే ఉండాలని లేదు. సర్వీస్ సెంటరు ఎక్కడో అడగండి. విశాఖ అంటే విజయనగరం నుంచి ఓ గంటన్నర పని, శ్రీకాకుళం నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు, ఇచ్ఛాపురం వాళ్లకైతే రోజంతా పోతుంది. ఆన్‌లైన్లో మూడొందలు తక్కువ వచ్చినా, మార్చి ఇచ్చే షాపు దగ్గర్లో ఉంటే నా ఓటు షాపుకే.

బిట్లు

డ్రిల్లుతో పాటు ఇచ్చే వంద ముక్కల డబ్బా చూసి మురిసిపోకండి, అందులో చాలావరకు మెత్తటి ఇనుము. విడిగా కొనాల్సినవి కొన్నే: గోడకి 6, 8 ఎంఎం మేసనరీ బిట్లు, కొన మీద టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క ఉన్నవి, చెక్కకి, ఇనుముకి 3, 4, 5 ఎంఎం హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్లు, స్టార్ స్క్రూలకి పీహెచ్2 బిట్లు మూడు నాలుగు, ఎందుకంటే అవి అరుగుతాయి. రేకులున్న ఇల్లయితే 8 ఎంఎం మ్యాగ్నెట్ సాకెట్టు ఒకటి, రేకు స్క్రూల ఆరు పలకల తలకి సరిగ్గా అదే పడుతుంది. 6 ఎంఎం ప్లగ్గుకి 6 ఎంఎం బిట్టే వాడాలి, ఒక సైజు పెంచితే వదులై ఊడి వస్తుంది.

మొదటి కన్నం

స్విచ్‌బోర్డుకి నిలువుగా పైనా కిందా, బాత్రూంలో కుళాయికి నిలువుగా కన్నం పెట్టకండి, లోపల వైరో పైపో ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, తల పైకెత్తి కొట్టేటప్పుడు మరీ. ప్లగ్గు పొడుగుకి కాస్త ఎక్కువగా కొలిచి బిట్టు మీద రంగు టేపు చుట్టండి, టేపు గోడకి తగలగానే ఆగాలి. ఇటుకకి హ్యామర్ గుర్తు, టైలుకి మాత్రం హ్యామర్ ఆపేసి, టైల్ బిట్టుతో, నెమ్మది వేగంలో, మధ్యమధ్య నీళ్ల చుక్క వేస్తూ వెళ్లాలి. టైల్ దాటాక మళ్లీ మేసనరీ బిట్టు, హ్యామర్. మెషిన్ మీద పడి నొక్కకండి, మధ్యలో బిట్టు బయటికి లాగి పొడి రానివ్వండి. స్క్రూ బిగించేటప్పుడు క్లచ్ తక్కువ అంకెతో మొదలుపెట్టి, చాలకపోతే ఒక్కొక్కటే పెంచండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి, మాస్కు పెట్టుకుని, నెమ్మదిగా చేయండి, లేదా ఆ పని తెలిసినవాళ్లకి అప్పగించండి.

పని లేని పది నెలలు

బ్యాటరీని నిండా చార్జ్ చేసో, పూర్తిగా ఖాళీ చేసో దాచకండి. సగం, సగం కంటే కాస్త ఎక్కువ ఉండగా మెషిన్ నుంచి విడదీసి పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి చూసి, ఒక గీతకి దిగితే కాసేపు చార్జ్ పెట్టండి. ఉగాది, తొలి ఏకాదశి, దీపావళి, సంక్రాంతి అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. రోహిణి కార్తెలో రేకుల గదిలోనో, స్కూటర్ డిక్కీలోనో, అటక మీద శ్లాబుకి ఆనించో ఉంచితే లిథియం సెల్ ఆయుష్షు తొందరగా తగ్గిపోతుంది. ఇంట్లో చల్లగా ఉండే గది బీరువా అడుగు అర మంచి చోటు. పని చేయగానే వేడిగా ఉన్న బ్యాటరీని అలాగే చార్జింగ్‌కి పెట్టకండి, చల్లారనివ్వండి.

కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు సముద్రం గాలి తగిలే ఊళ్లలో ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. పని అయ్యాక బిట్లు తుడిచి, చుక్క కుట్టుమిషన్ నూనె రాసి, మూత ఉన్న డబ్బాలో వేయండి. చక్ పళ్ల మధ్య పొడి దులిపి అక్కడా ఒక చుక్క. బ్యాటరీ కాంటాక్టులకి మాత్రం నూనె తగలనివ్వకండి. బ్యాటరీ ఎప్పుడైనా ఉబ్బినట్టు కనిపిస్తే ఇక చార్జింగ్‌కి పెట్టొద్దు, చెత్తలోనూ పడేయొద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే, కొన్న షాపులో అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.